పిలవడం తెలుసు, సాగనంపడం తెలీదు

పది రోజులాగి రాస్తున్నాను. కచేరీ చూసి ఇంటికొచ్చిన రోజే రాసుంటే ఇందులో తిట్లు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఇప్పుడూ కొన్ని ఉంటాయి, సర్దుకోండి.

మాది ఒడిశాలోని బరంపురం. స్టేషన్ బోర్డు మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది గానీ మా ఇంట్లో, మా వీధిలో అది బరంపురమే. పట్టుచీరల కొట్టు మాది. పెద్దదేం కాదు, పరుపు మీద నలుగురు కూర్చుంటే ఐదో మనిషి గుమ్మంలో నిలబడాలి.

సంక్రాంతి హడావుడి తగ్గాక ఓ ఆదివారం, రైల్లో కొన్ని గంటల దూరంలో ఉన్న పెద్ద నగరానికి కచేరీ చూడ్డానికి వెళ్ళాం. పాత సినిమా పాటలు, పెద్ద ఆర్కెస్ట్రా. పక్క హాల్లో చేనేత, హస్తకళల ఎగ్జిబిషన్. రెండింటికీ ఒకటే టికెట్టు, మనిషికి 1,499. వెళ్ళింది నలుగురం: నేను, మా ఆయన, ప్లస్ టూ చదివే మా అమ్మాయి, 72 ఏళ్ళ మా అత్తయ్య. ఆ ఊరి పేరు, ఆ ప్రాంగణం పేరు రాయను. రాస్తే అది ఆ ఒక్కళ్ళ గొడవైపోతుంది, మిగతావాళ్ళందరూ "మనం కాదుగా" అని కాళ్ళు చాపుకుంటారు.

బాగున్నవి ముందు చెప్పకపోతే పాపం. ఎగ్జిబిషన్లో మా కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నేత స్టాలుంది. ఆల్ చెట్టు వేరు బెరడుతో అద్దిన ఆ ముదురు ఎరుపు, దాని పక్కన నూలు అసలు తెలుపు. అత్తయ్య ఆ బట్ట అంచు రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి చాలాసేపు వదల్లేదు. పక్కనున్న ఒకావిడ "ఇది ప్రింటా?" అని అడిగితే నేతాయన ముఖం చూడాలి! ఇంకో స్టాల్లో పొందూరు ఖద్దరు, దాని ముందు గాజుపెట్టెలో వాలుగ చేప దవడ. దాని పళ్ళతో పత్తిని ఏకుతారని అత్తయ్య చెప్తే మా అమ్మాయి మొదట నమ్మలేదు. ఆ రెండు స్టాళ్ళూ జనరేటర్ వెనకాల మూలకి తోశారు, ఆ చప్పుడుకి ధర అడగాలన్నా అరవాల్సి వచ్చింది. అదో పాట్లు, వదిలేద్దాం.

కచేరీ అయితే నిజంగా బాగుంది. ఓ పాట చరణంలో గాయని మైకు జనం వైపు తిప్పితే అంత పెద్ద షెడ్డులో జనమే ఎత్తుకున్నారు. అత్తయ్య కూడా పాడింది, ఒక్క మాటా తప్పకుండా. మేం వెనక వరసల్లో ఉన్నాం. తెర మీద పెదాలు ముందు కదిలేవి, పాట కాస్త ఆగి వచ్చేది. ధ్వని సెకనుకి 340 మీటర్లే వెళ్తుంది కదా, స్టేజీకి వంద మీటర్ల వెనక కూర్చుంటే దాదాపు సెకనులో మూడో వంతు ఆలస్యం. మధ్యమధ్యలో ఇంకో జత స్పీకర్లు పెట్టి ఆ మేరకి ఆలస్యంగా మోగిస్తే సర్దుకుంటుందట, అమ్మాయి చెప్పింది. పెట్టలేదు. పర్లేదు, ఆ వయసు పాటలకి కాస్త ఆలస్యం అలవాటే.

ఇక అసలు సంగతి.

లోపలికి పిలవడానికి వాళ్ళు చేసిన హడావుడి చూడాలి మీరు. వారం ముందు నుంచీ మెసేజీలు. మీ గేటు నంబరు ఇదీ, మీరు రావాల్సిన వేళ ఇదీ, తెచ్చుకోకూడని వస్తువులు ఇవీ. మూడు గేట్లు, గేటుకి పది వరసలు, తాళ్ళు, మెడలో కార్డులున్న కుర్రాళ్ళు, "వెల్‌కమ్ మేడం", చేతికి పట్టీ. పెళ్ళివారిని ఎదుర్కోలు చేసినట్టే ఉంది, పన్నీరొక్కటే తక్కువ.

అత్తయ్య సంచీలో మూడే ఉన్నాయి: మాత్రల డబ్బా, పులిహోర పొట్లం, మరచెంబు. స్టీలు మరచెంబు, ఆవిడ ప్రయాణమంటే అదుండాల్సిందే. మూత మీద మా మామయ్య పేరు చెక్కించి ఉంటుంది. మామయ్య పోయి ఎనిమిదేళ్ళు. గేటు దగ్గర కుర్రాడు పులిహోర పక్కన పెట్టించి, మాత్రలు వాసన చూసి వదిలేసి, చెంబు మాత్రం కుదరదన్నాడు. లోహం లోపలికి రాకూడదట.

"నీళ్ళు పారబోసీ బాబూ, చెంబు నాకిచ్చీ. మీ తాత పేరుందిరా దాన్మీద" అంది అత్తయ్య.

వాడికి నవ్వొచ్చింది, మంచి పిల్లాడే. "వెళ్ళేటప్పుడు ఇక్కడే తీసుకోండి అమ్మమ్మా" అని చిన్న కాగితమ్మీద 214 అని రాసిచ్చి, చెంబుని నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో పెట్టాడు. పారేయలేదు, పెట్టాడు. అది నేను చూశాను.

లోపల నీళ్ళ సీసా 60 రూపాయలు, అదీ మూత తీసి చేతికిస్తారు. మూతుంటే జనం స్టేజీ మీదకి విసురుతారట. మూత లేని సీసా ఒళ్ళో పెట్టుకుని మూడు గంటలు కూర్చుని చూడండి, మీకే తెలుస్తుంది. ఫోన్లో డబ్బు కడదామంటే చక్రం తిరుగుతూనే ఉంది. వేల ఫోన్లు ఒకే టవర్ మీద పడితే ఇంకేమవుతుంది? అందుకని చేతి పట్టీలోనే డబ్బు వేయించుకోమన్నారు. మిగిలిన 140 రూపాయలు ఆ పట్టీలోనే ఉండిపోయాయి, అవి వెనక్కి ఇవ్వరట. ఆడవాళ్ళ బాత్రూముల సంగతి ఒక్క ముక్కలో: మగవాళ్ళకెన్నో మాకూ అన్నే, మాకు పట్టే సమయం మాత్రం వాళ్ళకి పట్టదు. విరామంలో క్యూలో నిలబడి రెండు పాటలు గోడవతల నుంచి విన్నాను.

ఇవన్నీ భరించొచ్చు. పదీ ఇరవైకి కచేరీ అయింది. ఆఖరి పాట చప్పట్లు ఇంకా ఆగలేదు, పెద్ద దీపాలు ఆర్పేశారు. స్టేజీ దగ్గర పనివాళ్ళు అప్పుడే ఇనప చట్రాలు విప్పుతున్నారు. మూడు గేట్లలో లోపలికొచ్చిన జనమంతా ఒక్క గేటు వైపు నడుస్తున్నారు. మిగతా రెండింటికీ గొలుసులు, తాళాలు. ఆ దార్లోంచి సామాను లారీలు రావాలట, తెల్లారితే ఇంకేదో ఫంక్షనట.

మా గేటు దగ్గరకి వెళ్ళాం, చెంబు కోసం. ఊచల అవతల నీలం డ్రమ్ము కనిపిస్తోంది. చెయ్యి చాపితే అందేలా ఉంది గానీ అందదు. అక్కడ కాపలా ఉన్నది సాయంత్రం పిల్లాడు కాదు, ఇంకొకడు, పందొమ్మిదేళ్ళుంటాయేమో. తల కంటే టోపీ పెద్దది, కళ్ళ మీదకి జారుతోంది. చేతిలో వాకీటాకీ లేదు, తాళంచెవి లేదు, ఓ విజిల్ ఉంది. తెలుగులో అడిగాం, ఒడియాలో అడిగాం, హిందీలో అడిగాం. మూడింటికీ ఒకటే జవాబు: "నాకు ఆర్డర్ లేదు." వాణ్ణి తిట్టడానికి నోరు రాలేదు. వాడికి నిజంగానే లేదు మరి.

తిరిగి జనంలో పడ్డాం. అక్కడ నాకు భయమేసింది, దాచుకోను. మొదట నడుస్తున్నాం. తర్వాత జరుగుతున్నాం. ఆ తర్వాత మనం జరగడం లేదు, జరపబడుతున్నాం. మా ఆయన రెండు చేతులూ అత్తయ్య చుట్టూ కంచెలా పెట్టాడు. అమ్మాయి నా కొంగు వేలికి చుట్టుకుంది, అయిదో తరగతి తర్వాత మళ్ళీ అదే. ముందెక్కడో బారికేడ్ దగ్గర దారి సన్నబడింది, వెనకవాళ్ళకది తెలీదు, తోస్తూనే ఉన్నారు. తొక్కిసలాట అని పేపర్లో చదువుతాం గానీ, అలాంటి చోట చాలామంది పోయేది కాళ్ళ కింద పడి కాదు, నిలబడే ఊపిరాడక. చదరపు మీటరుకి ఐదారుగురు దాటారంటే మనిషి అడుగు మనిషి చేతిలో ఉండదు.

మా బరంపురంలో రైలెక్కితే ఇచ్ఛాపురం, సోంపేట దాటాక పలాస. జీడిపప్పు కొనడానికి దిగే ఊరు. దాని పక్కనే కాశీబుగ్గ. 2025 నవంబర్ 1న, కార్తీక ఏకాదశి నాడు అక్కడి వెంకటేశ్వరస్వామి గుళ్ళో 9 మంది పోయారు. రావడానికీ పోవడానికీ ఒకటే దారి ఉందని తర్వాత చెప్పారు. ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 1997 జూన్ 13న 59 మంది పోయింది మంట అంటుకునే కాదు, పొగలో బయటికి దారి దొరక్క. అదనపు సీట్లు వేసి దారి మూసేశారు. ఇన్ని జరిగాక కూడా గొలుసూ తాళమూ ఎలా వేయబుద్ధవుతుంది?

నాకు తట్టింది చెప్తాను. జనం లోపలికి వచ్చేది మూడు నాలుగు గంటల్లో, కొంచెం కొంచెంగా. బయటికి పోయేది ఇరవై నిమిషాల్లో, అందరూ ఒక్కసారే. అంటే బయటికి దారులు ఎక్కువుండాలి. వీళ్ళు తక్కువ చేశారు. ఎందుకంటే లోపలి గేటు దగ్గర టికెట్టు ఉంది, టికెట్టంటే డబ్బు. బయటి గేటు దగ్గర ఎవరికీ రూపాయి రాదు. హాలు ఒకరిది, కచేరీ పెట్టింది ఇంకొకరు, కాపలా కాంట్రాక్టు మూడోవాళ్ళది. ఆఖరి పాట అయ్యాక వీళ్ళలో ఎవరి పనీ మనం కాదు.

ఇప్పుడు మా కొట్టు మాట. గంటసేపు ముప్పై చీరలు విప్పించి ఒక్కటీ కొనకుండా లేచిన మనిషిని కూడా మేం గుమ్మం దాకా దిగబెడతాం. చెప్పులు ఎటున్నాయో చూపిస్తాం. ఎండగా ఉంటే ఆటో పిలుస్తాం. మా మామయ్యకి ఇది నేర్పినవాళ్ళు ఎవరో తెలీదు, నాకు నేర్పింది ఆయనే. కొన్న మనిషికి ఎలాగూ చీర గుర్తుంటుంది, కొనని మనిషికి గుమ్మమే గుర్తుంటుంది అనేవారు. ఇంటికొచ్చిన చుట్టాన్ని వీధి చివర దాకా వెళ్ళి సాగనంపని ఇల్లుందా మనలో?

ఊరికే మా ఊరి గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, మా ఠాకురాణి యాత్రలో అసలు ఘట్టమే సాగనంపడం. రెండేళ్ళకోసారి చైత్రంలో బుద్ధి ఠాకురాణి అమ్మవారు అత్తింటి నుంచి, అంటే గుడి నుంచి, దేశీబెహరా వీధిలోని పుట్టింటికి వస్తుంది. దాదాపు నెలరోజులు రోజూ రాత్రి ఘటం వీధుల్లో తిరుగుతుంది, పులివేషాలూ దేవుడి వేషాలూ వేసుకుని జనం తిరుగుతారు. ఆఖరి రాత్రి ఆడపిల్లని మళ్ళీ గుడికి పంపుతారు. ఆ రాత్రికి వచ్చినంత జనం మొదటి రోజు కూడా రారు. అక్కడా ఒత్తిడుంటుంది, జేబులు కొట్టేస్తారు, కాళ్ళు తొక్కేస్తారు, నాకూ తెలుసు. కానీ మా సందులకి గేట్లు లేవు. ఊపిరాడకపోతే పక్క సందులోకి తిరిగి ఎవరి అరుగు మీదో కూలబడతావు, ఆ ఇంటావిడ నీళ్ళిస్తుంది.

పెద్ద నగరంలో కుదరదంటారా? హైదరాబాద్ నాంపల్లి నుమాయిష్, ఆ పెద్ద ఎగ్జిబిషన్, 1938 నుంచీ జరుగుతోంది. 2019 జనవరి 30 రాత్రి పెద్ద మంటలు లేచి స్టాళ్ళకి స్టాళ్ళు తగలబడ్డా మనుషుల ప్రాణాలు పోలేదు, జనం బయటపడగలిగారు. 2023లో నుమాయిష్ జనం కోసం మెట్రో రైళ్ళు అర్ధరాత్రి దాకా పొడిగించారు. ఆట అయ్యాక మనిషి ఇంటికెలా పోతాడని ఎవరో ఒకరు ఆలోచించారన్నమాట. మేం వెళ్ళిన చోట క్యాబు ఎక్కే స్థలం కిలోమీటరున్నర అవతల, అది ఎటో చెప్పే బోర్డు ఒక్కటీ లేదు. ఫోన్లో సిగ్నలు లేదు. ఆటో అతను 800 అన్నాడు. దీపాలు ఇంకో అరగంట ఉంచి, తిండి స్టాళ్ళు మూయకుండా, ఎవరో ఓ కుర్ర గాయకుణ్ణి నాలుగు పాటలు పాడమంటే సగం మంది నిదానంగా కదిలేవాళ్ళు. లారీలు అరగంట ఆగితే ఏం మునిగింది?

అత్తయ్య డివైడర్ మీద కూర్చుండిపోయింది. మోకాళ్ళు నొక్కుకుంటూ అంది: "పెళ్ళికి పిలిచి, విస్తరి తియ్యకముందే దీపం ఆర్పీసినారమ్మా."

పదకొండూ యాభై రైలు పోయింది. స్టేషన్లో వెయిటింగ్ రూములో తెల్లారింది. పొద్దుటి రైల్లో ఉండగానే మెసేజీ వచ్చింది, మీ అనుభవానికి ఎన్ని చుక్కలు ఇస్తారని. సంగీతానికి, తిండికి, సీట్లకి, పార్కింగుకి వేరేవేరేగా చుక్కలు. బయటికి వచ్చిన దారికి మాత్రం గడే లేదు. సంగీతానికి అయిదూ ఇచ్చాను, అబద్ధం ఎందుకు.

"ఇంత కష్టమైతే ఇంట్లో కూర్చుని టీవీలో చూసుకోవచ్చుగా" అనే పెద్దమనుషులకి ముందుగానే జవాబు: మా అత్తయ్య టీవీ ముందు పాడదు.

చెంబు కోసం మూడుసార్లు ఫోన్ చేశాం. హాలువాళ్ళు కచేరీవాళ్ళనడగమన్నారు, కచేరీవాళ్ళు కాపలావాళ్ళనడగమన్నారు. చివరికి పోయిన వస్తువుల ఫారం ఒకటి ఫోన్‌కి పంపారు. అమ్మాయి నింపుతుంటే పక్కన కూర్చున్నాను. వస్తువు: స్టీలు మరచెంబు. రంగు: స్టీలు. టోకెన్ నంబరు: 214. తర్వాతి గడి బ్రాండ్ పేరు, అది నింపకపోతే ఫారం ముందుకి వెళ్ళడం లేదు. అమ్మాయి నా ముఖం చూసింది. వంటింట్లోంచి అత్తయ్య "ఏటుందో అదే రాసీ" అంది. మామయ్య పేరు, ఇంటిపేరుతో సహా రాసి పంపాం. జవాబు ఇంకా రాలేదు.