గడ్డకట్టిన హూడీకి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కాటన్ హూడీ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు కుశలమే; బాల్కనీ రెయిలింగ్ మీద చేతులు రెండూ చాపి, అట్టలా బిగుసుకుపోయి దర్జాగా ఉన్నారు. ఇక్కడ వేళ్లు ఇంకా కొంకర్లు పోయే ఉన్నాయి, అక్షరాలు వంకరగా వస్తే మన్నించగలరు.

నిన్న పొద్దున షికాగో సరస్సు ఒడ్డున 28 డిగ్రీలు. ఫారెన్‌హీట్ లెండి, మన లెక్కలో మైనస్ 2. కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్లు ఇలాంటి పొద్దున తమర్నే తొడుక్కుంటారు. గుమ్మం దాటగానే వెచ్చగా ఉంటే 'ఆహా' అనుకుంటారు. ఆ ఆహాలోనే ఉంది మోసమంతా. గుమ్మం దగ్గర కాస్త వణకాలి. పది నిమిషాలు పరిగెడితే ఒంట్లో పుట్టే వేడే సరిపోతుంది. అందుకే ఫోన్‌లో 28 కనిపిస్తే 40 దాటిందనుకుని బట్టలు ఎంచుకోవాలి.

మరి తమరో? మొదటి మైల్లోనే చెమట పట్టిస్తారు. పట్టించిందంతా తాగేస్తారు. తాగింది వదలరు. కొత్తవాళ్లు రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక అంటూ సాగుతారు కదా, తమరు కాచుక్కూర్చునేది ఆ నడక నిమిషం కోసమే. కాళ్లు నెమ్మదించగానే ఒంటి వేడి తగ్గుతుంది, తడిగుడ్డ వీపుకి అతుక్కుంటుంది. వేడిని లాక్కుపోవడంలో గాలి కంటే నీళ్లు దాదాపు 25 రెట్లు ఎక్కువ. అక్కణ్నుంచి తమరు చలిబట్ట కాదు, తడి గోనెసంచి.

పైగా గాలి! ఉత్తరపు గాలి ఉన్నరోజు నార్త్ అవెన్యూ బీచ్ నుంచి ముందు బెల్మాంట్ వైపు, అంటే గాలికి ఎదురు వెళ్లాలి. చెమట పట్టాక గాలి వీపున ఉండాలి. తమర్ని నమ్మి గాలివాలున హాయిగా దక్షిణాన నేవీ పియర్ వైపు దిగినవాళ్లకి తిరుగుదారిలో తెలుస్తుంది, గాలి తమలోంచి ఎంత సులువుగా దూరిపోతుందో.

ఇక 'గారు' తీసేస్తున్నా. ఏమే హూడీ! నీ లేబుల్ మీద 80 శాతం కాటన్, 20 శాతం పాలిస్టర్. ఆ 20 శాతాన్ని అడ్డం పెట్టుకుని ఎన్నాళ్లు బతుకుతావు? ఒంటిని అంటిపెట్టుకునే పల్చటి పొడుగు చేతుల పాలిస్టర్ చొక్కా, కాదంటే మెరినో గొర్రెల సన్నటి ఉన్నిది. దానిమీద గాలి ఆపే పల్చటి జిప్ జాకెట్. 28 డిగ్రీల చలికి ఒంటిమీద అంతకంటే అక్కర్లేదు. వేడెక్కితే జిప్పు నాలుగు వేళ్లు దించితే చాలు. నిన్ను విప్పాలంటే తలమీంచి లాగాలి, కళ్లజోడూ ఇయర్‌ఫోన్లూ నీతోపాటే వస్తాయి. నీ పొట్ట జేబులో ఫోను అడుగడుక్కీ డొక్కలో పొడుస్తుంది. నీ టోపీ వేసుకుంటే వెనకొచ్చే సైకిలు గంట వినపడదు.

నీ చుట్టాలకీ తలో మాట. కాటన్ సాక్స్, ఆ బొబ్బలు నీ చలవే. ఐదు వేళ్ల గ్లవ్స్, చలి పదిహేను ఫారెన్‌హీట్‌కి దిగితే నువ్వు దండగ, వేళ్లన్నీ ఒకే గూట్లో ముడుచుకునే మిటెన్స్ కావాలి. ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్, చెమట లాగే బట్టకి పూత పూసి చంపేది నువ్వే. అమ్మ సూట్‌కేసులో కుక్కి పంపిన మంకీ క్యాప్, నిన్నేమీ అనను. అమ్మకి తెలుస్తుంది.

సరే హూడీ, ఎండాక లోపలికి రా. ఈసారి నీ చోటు కారు వెనకసీటు. పరుగయ్యాక తడిచొక్కా విప్పేసి, ఫ్లాస్కులో టీ పోసుకునేటప్పుడు పిలుస్తా. అప్పుడు మాత్రం నీ అంత మెత్తనిది ఇంకోటి లేదు. ఆ సంగతి నీకూ తెలుసు, అదే నీ పొగరు.

ఇట్లు,
ఇంకా వీపు వెచ్చబడని
ఒక మూడు మైళ్ల మొనగాడు