ఆ ‘ఐదు నిజాలు’ మళ్లీ పంపకండి సామీ

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది ఆ ఫార్వర్డ్ మెసేజ్. ‘ఎల్ఎల్ఎం (లాలో పీజీ), లీగల్ రీసెర్చ్ చేయాలనుకునేవాళ్లకు ఐదు నిజాలు’. పంపినవాళ్లంతా మా కర్నూలు లాయర్లే, చదివి పంపారో ఊరికే తోశారో తెలీదు.

ఒకటి: ఎల్ఎల్ఎం ఉంటే నేరుగా జడ్జి పరీక్షకు వెళ్లొచ్చట. జూనియర్ సివిల్ జడ్జికి మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పిస్తే వారం రోజులు బార్ రూంలో అదే గోల, అప్పుడు వీళ్లెక్కడున్నారు?

రెండు: ఏడాది ఎల్ఎల్ఎంను సుప్రీంకోర్టు కొట్టేసిందట. కొట్టేయలేదు. తీసేస్తామని 2021 జనవరిలో నిబంధనలు తెచ్చింది బార్ కౌన్సిల్, దానిమీద కేసు పడింది, క్లాట్ అనే లా ప్రవేశ పరీక్షతో ఏటా సీట్లు మాత్రం నిండుతూనే ఉన్నాయి.

మూడు: కాలేజీ ర్యాంకింగ్ చూసి చేరండి, రీసెర్చ్ చేయించే గైడ్ ఎవరైనా ఒకటేనట. ఈ మాట అన్నవాడు జన్మలో రీసెర్చ్ చేసుండడు. పీహెచ్‌డీ థీసిస్‌లు ఆన్‌లైన్‌లో దొరికే శోధ్‌గంగలో గైడ్ పేరు కొట్టి, ఆయన చేయించిన పీహెచ్‌డీలు వేటి మీదో చూడండి. మీకు భూముల చట్టం ఇష్టం, ఆయనవన్నీ ట్రేడ్‌మార్కులు అనుకోండి, ఇద్దరికీ నరకమే. పీహెచ్‌డీకైతే ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మందికి మించకూడదని 2022 యూజీసీ నిబంధన, కాబట్టి ఖాళీ ఉందో లేదో ముందే అడగండి.

నాలుగోదానికే నా ఒళ్లు మండింది. ‘డిజర్టేషన్ (ఎల్ఎల్ఎం చివర్లో రాసే పరిశోధన గ్రంథం) ఎవరూ చదవరు, 15 వేలకు రాసిపెడతాం’ అని, కింద ఫోన్ నంబరు! పోయినేడాది కోర్టు దగ్గర జిరాక్స్ షాపులో ఇలాంటిదే ఒకటి చూశా. నల్ల రెగ్జిన్ అట్ట, బంగారు అక్షరాలు, మొదటి పేజీలో ‘ఓర్పుతో సహకరించిన నా భార్యకు’ అని కృతజ్ఞతలు. పేరు మాత్రం మా జూనియర్ అమ్మాయిది, ఇంకా పెళ్లే కాలేదు. నవ్వు ఆగలేదు, తర్వాత బాధేసింది. ఎందుకంటే పత్తికొండ తహసీల్దార్ ఆఫీసు ముందు ఒక పూట కూర్చుంటే చాలు, తాతల నాటి నుంచి దున్నుతున్న చేనుకు పాత రికార్డులో పేరు బదులు చుక్కలుండి, నిషేధిత జాబితాలో పడి, అమ్ముకోలేక తిరిగే రైతు ఒక్కడైనా దొరుకుతాడు. ఇలాంటి చేల కోసమే చుక్కల భూముల చట్టం 2017లోనే వచ్చింది కదా, మరి ఎక్కడ ఆగుతోంది? ఓ ముప్పై ఫైళ్లు చదివి అది రాస్తే డిజర్టేషన్ అయిపోతుంది. 15 వేలవాడు ముందు పత్తికొండ ఎక్కడుందో మ్యాప్‌లో వెతుక్కోవాలి. కాపీ 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దని 2018 యూజీసీ నిబంధనల్లో ఉంది, ఆ రోజు ఆ నంబరువాడు ఫోన్ ఎత్తుతాడా?

ఐదు: మనుపాత్ర, ఎస్‌సీసీ ఆన్‌లైన్ (తీర్పులు, లా జర్నళ్లు ఉండే, డబ్బు కట్టి వాడే సైట్లు) లాగిన్ ఇచ్చే చోటే చేరండి. ఇది మాత్రం నిజం, ఒప్పుకుంటున్నా. తీర్పులు వెతికే ఇండియన్ కానూన్ సైట్ ఉచితమే కదా, అదే చాలని నేనూ వాదించినవాణ్ణే, తీరా ఒక్క జర్నల్ వ్యాసం కోసం రాత్రి పదకొండుకు హైదరాబాద్ ఫ్రెండ్‌ను బతిమాలుకున్నా. ప్రాస్పెక్టస్‌లో ‘ఈ-లైబ్రరీ’ అని ఉంటే నమ్మేయకుండా, అక్కడ చదివే సీనియర్‌ను మీ ముందే లాగిన్ చేసి చూపించమనండి.

ఈ ఒక్క ముక్క ఉంచి, కింద ఆ నంబరు చెరిపేసి, అప్పుడు పంపుకోండి.