బీబీఏ పిల్లగానికి మూసుకుపోయిన తలుపులు: ఒక సమగ్ర విచారణ

డిగ్రీ సీట్లిచ్చే ఆన్‌లైన్ పోర్టల్ దోస్త్‌లో ఆప్షన్లు పెట్టే రోజులొచ్చాయంటే చాలు, కాజీపేట నుంచి వరంగల్ చౌరస్తా దాకా ప్రతి ఇంట్లో ఒకటే టెన్షన్. బీబీఏలో, అంటే మూడేళ్ల మేనేజ్‌మెంట్ డిగ్రీలో, చేరితే పిల్లగాని బతుకు అక్కడికే ఆగిపోతుందా? ఇంత ముఖ్యమైన విషయం మీద ప్రభుత్వం ఇంతవరకు కమిటీ వేయలేదు కాబట్టి ఆ భారం నేనే నెత్తికెత్తుకున్నాను. విచారణ పూర్తయింది. ఆగిపోతుంది.

ఆధారాలు కావాలా? బీబీఏ చదివినవాడు గుండె ఆపరేషన్ చేయలేడు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో తెల్లకోటు వేసుకుని రౌండ్స్‌కు పోలేడు. పశువుల డాక్టర్ కాలేడు. ఇరిగేషన్‌లో ఏఈ కాలేడు, గోదావరి మీద బ్యారేజీకి డిజైన్ గీయలేడు. (2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగినప్పుడు ఆ పాపంలో వాటా లేదని ధైర్యంగా చెప్పుకోగలిగిన కొద్ది డిగ్రీల్లో బీబీఏ ఒకటి. ఆ గౌరవం మాత్రం ఎవరూ ఇవ్వలేదు.)

అయితే నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి, ఈ తలుపులు బీబీఏ మూసినవి కావు. పదో తరగతి అయిపోగానే ఎంపీసీ, బైపీసీ వద్దని సీఈసీలో చేరాడే, ఆ రోజే పడ్డాయి తాళాలు. పదిహేనేళ్ల పిల్లగాడు అంత పెద్ద నిర్ణయం తీసుకుంటుంటే చుట్టాలెవరూ నోరెత్తలేదు, ఎందుకంటే ఆ రోజు అందరూ పక్కింటి పిల్లకు ఎన్ని మార్కులొచ్చాయో తెలుసుకునే పనిలో ఉన్నారు. ఇంటర్ అయ్యి, సీటు వచ్చి, ఫీజు కట్టాక, ఏదో పెళ్లిలో బంతి మీద కూర్చున్నప్పుడు ఆ చుట్టాలకు గుర్తొస్తుంది.

"ఏం సదువుతున్నవ్ బిడ్డా?"

"బీబీఏ, పెద్దమ్మా."

"మంచిగ సదువు. డాక్టర్ అయితే మాకే మందులు రాయాలె."

"ఎంబీబీఎస్ కాదు పెద్దమ్మా, బీబీఏ."

"అయ్యో. సీటు రాలేదా?"

ఇక తెరిచి ఉన్న తలుపుల సంగతి. ఇవి నా వాదనను దెబ్బతీసేలా ఉన్నాయి కాబట్టి గబగబా చెప్పి దాటేస్తాను. సివిల్స్‌కు ఏ డిగ్రీ అయినా సరే. గ్రూప్-1కు అంతే. బ్యాంక్ పీవోకు, ఎస్సెస్సీ సీజీఎల్‌కు, ఎస్సై ఉద్యోగానికి కూడా అంతే. లాసెట్ రాసి మూడేళ్ల లా చదువుకోవచ్చు, కాలేజీ సుబేదారిలోనే ఉంది. డిగ్రీలో తగిన మార్కులుంటే సీఏలో మొదటి మెట్టు ఫౌండేషన్ రాయకుండానే రెండో మెట్టు ఇంటర్మీడియెట్‌లోకి పోవచ్చు. చాలు, ఇంకా చెబితే నా విచారణ చెడిపోతుంది.

నయీంనగర్‌లో ఏ కోచింగ్ సెంటర్‌కైనా పోయి చూడండి. ఒకే బెంచీ మీద బీటెక్ మెకానికల్ చేసినవాడు, బీబీఏ చేసినవాడు పక్కపక్కనే కూర్చుని అదే రీజనింగ్ పుస్తకంతో అదే బ్యాంకు పరీక్షకు తల పగలగొట్టుకుంటుంటారు, ఒకే హాస్టల్లో అవే నీళ్ల పప్పు తింటుంటారు. మెకానికల్ పిల్లగాని గురించి వాళ్ల బాపు, "మావోడు లైన్ మారిండు" అని గర్వంగా చెప్తాడు. బీబీఏ పిల్లగాని గురించి అదే మనిషి, "పాపం, ఇంకేం జేస్తడు" అంటాడు. నాలుగేళ్లు థర్మోడైనమిక్స్ చదివి డిపాజిట్ ఫారాలు నింపే ఉద్యోగానికి పోయేవాడికి దారులు ఎక్కువ ఉన్నట్టు, మూడేళ్లు బ్యాంకింగ్ చదివి అదే ఉద్యోగానికి పోయేవాడికి దారులు మూసుకుపోయినట్టు. ఈ లెక్క ఏ మ్యాథ్స్‌లో వస్తుందో నేను కనుక్కోలేకపోయాను, నాదీ సీఈసీనే.

నిజానికి ఈ అన్యాయం పుట్టుకలోనే ఉంది. బీబీఏ మొదటి సెమిస్టర్‌లో పిల్లలు బట్టీ పట్టే 14 మేనేజ్‌మెంట్ సూత్రాలు రాసిన హెన్రీ ఫయోల్ బీబీఏ చదవలేదు. ఆయన ఫ్రాన్స్‌లో బొగ్గు గనుల ఇంజనీరు, అంటే మన భూపాలపల్లి గనుల్లో పనిచేసే ఇంజనీరు సారుకు అన్న వరస. పక్క చాప్టర్‌లో ఉండే టేలర్ కూడా ఇంజనీరే, మెకానికల్. మేనేజ్‌మెంట్‌ను కనిపెట్టిందే ఇంజనీర్లయినప్పుడు, మేనేజర్ ఉద్యోగాలు ఇంజనీర్లకే ఇస్తున్నారని ఇప్పుడు ఏడ్చి ఏం లాభం? పైగా 2024-25 నుంచి బీబీఏను కూడా ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ కిందికే తెచ్చారు. వరస కలిసింది, కట్నం సంగతి తర్వాత చూద్దాం.

మరి బీబీఏ తర్వాత ఎంబీఏ ఉంది కదా అంటారు. ఉంది. దానికి ఐసెట్ రాయాలి, ఆ పరీక్షను చాలా ఏళ్లు నిర్వహించింది మన కాకతీయ యూనివర్సిటీయే. 200 మార్కులు: ఎనలిటికల్ 75, మ్యాథ్స్ 75, కమ్యూనికేషన్ 50. ఆ కమ్యూనికేషన్‌లో ఒక మూలన కాసిన్ని వ్యాపార పదాల అర్థాలు అడుగుతారు, మూడేళ్ల చదువు అక్కడ పనికొస్తుంది. మిగతాదంతా లెక్కలు రెండు నిమిషాల్లో చేసేసే బీటెక్ వాళ్లకు వడ్డించిన విస్తరే. ఎలాగో సీటు తెచ్చుకుని క్లాసులో కూర్చుంటే సారు బోర్డు మీద మొదట రాసే పేరు ఎవరిది? ఫయోల్. పక్కనున్న సివిల్ ఇంజనీరు ఆశ్చర్యంగా నోట్స్ రాసుకుంటాడు. మనవాడు అప్పటికే ఆ 14 సూత్రాలు ఒకసారి మరిచిపోయి ఉంటాడు, ఇప్పుడు రెండోసారి మరిచిపోవడానికి మళ్లీ ఫీజు కడతాడు.

వెటకారం కాసేపు పక్కన పెడితే, బీబీఏకు ఒక అసలు చిక్కు ఉంది. బీకాం వాడికి పద్దులు ఉన్నాయి, నర్సింగ్ చేసిన పిల్లకు వార్డు ఉంది. బీబీఏకు తనదంటూ ఒక పని లేదు. అన్నింటి గురించీ ఒక్కో చాప్టర్ తెలుసు, అందుకని ట్యాలీనో, జీఎస్టీనో, ఎక్సెల్‌నో, కనీసం నలుగురికి సరుకు అమ్మే నోరునో మూడేళ్లలో తనే పక్కన సంపాదించుకోవాలి. ఈ ముక్క కాలేజీ వాళ్లు చెప్పరు, వాళ్ల పోస్టర్ మీద సూటు వేసుకున్న పిల్లగాడు ఉంటాడు కదా, అతను చెప్తాడనుకుంటారు.

ఇక్కడే ఎనుమాముల మార్కెట్ ఉంది. మిర్చి సీజన్‌లో ఒక్క పొద్దున అక్కడ నిలబడితే ధర ఎలా తెగుతుందో, అడ్తిదారు ఏ రైతుకు ఎంత అప్పు ఇస్తాడో, ఎందుకు ఇస్తాడో, తేజ రకానికి ఒక రేటు, జీఐ గుర్తింపు వచ్చిన చపాటాకు ఒక రేటు ఎందుకో, సిలబస్‌లో సగం కళ్ల ముందే నడుస్తుంటుంది. మా బీబీఏ పిల్లలు మాత్రం అటు పోరు, ఘాటుకు తుమ్ములొస్తాయని. ఫైనలియర్ ప్రాజెక్టుకు నేరుగా జిరాక్స్ సెంటర్‌కు పోతారు. అక్కడ 'కస్టమర్ల సంతృప్తిపై ఒక అధ్యయనం' రెడీగా ఉంటుంది, కంపెనీ పేరు మార్చుకుంటే సరి. నేను చూసిన ఒక ప్రాజెక్టులో కృతజ్ఞతల పేజీలో సీనియర్ వాళ్ల అమ్మానాన్నల పేర్లే ఉన్నాయి, మార్చడం మరిచిపోయాడు. వైవాకు బయటి నుంచి వచ్చిన సారు ఆ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడట: స్పైరల్ బైండింగ్ ఎందుకు చేయించినవ్, హార్డ్ బైండింగ్ చేయించాలని తెల్వదా?