తడి గుడ్డ మాస్కు కాదు: ఇంట్లో కారుకు రంగు వేయమంటున్న సందేశానికి జవాబు

"ఒక్క ఆదివారం చాలు, మీ కారుకు మీరే కొత్త రంగు వేసుకోండి" అనే సందేశం నాకు తెలిసిన ప్రతి గ్రూపులోనూ తిరుగుతోంది. వద్దని చెప్పినా మళ్లీ ఎవరో ఒకరు పంపుతూనే ఉన్నారు. పంపుతున్నవాళ్లు మంచి ఉద్దేశంతోనే పంపుతున్నారని తెలుసు కాబట్టి ఇంతకాలం ఊరుకున్నాను. ఇక ఊరుకోవడం తప్పనిపించి ఇది రాస్తున్నాను.

ఆ సందేశం చెప్పేది క్లుప్తంగా ఇది. కారును షాంపూతో కడిగి ఎమ్రీ పేపరుతో పైపైన రుద్దాలట. రంగుకు ముందు వేసే అడుగుపూత, అంటే ప్రైమర్, అక్కర్లేదట. అద్దాలకు పాత న్యూస్‌పేపర్లు అంటించి, రంగును ఒకే దఫాలో దట్టంగా కొట్టాలట. దుమ్ము రాకుండా గ్యారేజీ తలుపులు మూసి, కింది సందుల్లో గుడ్డలు కుక్కి, నేలను నీళ్లతో తడపాలట. ముక్కుకు తడి గుడ్డ కట్టుకుంటే సరిపోతుందట. చివరగా, పూతను గట్టిపరిచే హార్డెనర్ కలిపిన టూ-కె (రెండు భాగాల) క్లియర్ కోటు, అంటే రంగు మీద వేసే పారదర్శకమైన మెరుపు పూత, వేస్తే షోరూం మెరుపు వస్తుందని, సాయంత్రానికి బండి రోడ్డెక్కుతుందని హామీ కూడా ఇచ్చారు.

న్యూస్‌పేపర్ల సంగతి ముందు తేల్చేస్తాను. రంగును పలచన చేసే థిన్నర్ ఆ కాగితంలోంచి ఇంకి అవతలికి దిగుతుంది, అచ్చు సిరా కూడా అంటుకోవచ్చు. మాస్కింగ్ పేపరు వాడండి. సాయంత్రానికి బండి రోడ్డెక్కుతుందన్న మాట మీద సమయం వృథా చేయను. పైకి ఆరినట్టు కనిపించే పూత లోపల గట్టిపడటానికి ఎన్నో రోజులు పడుతుందని డబ్బా మీదే రాసి ఉంటుంది.

షాంపూతో కడిగితే చాలునన్న మాట మాత్రం అంత చిన్నది కాదు. బండికి ఏళ్ల తరబడి పట్టించిన పాలిష్‌లోనూ, డ్యాష్‌బోర్డుకు కొట్టే మెరుపు స్ప్రేలోనూ సిలికోన్ ఉంటుంది. షాంపూ దాన్ని పూర్తిగా వదిలించలేదు. మైనాన్నీ జిడ్డునూ తీసే ద్రావకంతో ముందే తుడవకుండా ఎమ్రీ పేపరు పెడితే, ఆ సిలికోన్ పేపరు గీసిన సన్నని గీతల్లోకి చేరి కూర్చుంటుంది. తరువాత రంగు కొట్టిన మరుక్షణమే తడి పూత అక్కడక్కడ వెనక్కి జరిగి, చేప కళ్లలాంటి గుండ్రటి గుంటలు తేలతాయి. వాటి మీద ఇంకో కోటు కొట్టి కప్పుదామని చూస్తే అవి మళ్లీ పైకి తేలతాయి. అప్పుడు ఆరనిచ్చి, మొత్తం రుద్దేసి, మొదటికి రావడమే.

ప్రైమర్ అక్కర్లేదన్న మాటలో సగం నిజం ఉంది, దాన్ని ఒప్పుకుంటాను. కంపెనీ వేసిన పూత ఎక్కడా పొరలూడకుండా గట్టిగా ఉంటే, దాన్ని సమానంగా రుద్ది నేరుగా బేస్ కోటు (అసలు రంగు పూత) వేయవచ్చు. కానీ ఇంట్లో రంగు వేద్దామని బయలుదేరేవాళ్ల బండి అలా ఉండదు కదా. గీత పడి రేకు బయటపడిన చోటో, తుప్పు గీకి పుట్టీ పెట్టిన చోటో ఉండబట్టే ఈ పని మొదలవుతుంది. రేకు బయటపడిన చోట ఎపాక్సీ ప్రైమర్ లేకపోతే పైపూత కింద తుప్పు మళ్లీ మొదలవుతుంది. పుట్టీ మీద ప్రైమర్ లేకపోతే అది రంగును పీల్చేసుకుని ఆ మేరకు మచ్చ కనిపిస్తుంది. ప్లాస్టిక్ బంపరుకైతే రంగు పట్టుకునేందుకు దాని ప్రత్యేక ప్రైమరే కావాలి. పాత పూత అంచును 320 నుంచి 400 నంబరు పేపరుతో ఎంత సన్నగా దించాలంటే, కళ్లు మూసుకుని చూపుడు వేలితో తడిమితే రేకు ఎక్కడ ముగిసిందో, రంగు ఎక్కడ మొదలైందో తెలియకూడదు. వేలికి తగిలిన మెట్టు రంగు వేశాక కంటికీ తగులుతుంది.

దట్టంగా ఒకే దఫా అన్నది రంగు పనిలో ఓనమాలు తెలియనివారి మాట. కంపెనీ నుంచి వచ్చిన బండి మీద అన్ని పొరలూ కలిపినా మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త పైన. దట్టంగా కొడితే నిలువుగా ఉన్న డోరు మీద రంగు జారి కారుతుంది. కారకపోయినా, పైన పొర కట్టాక లోపల చిక్కుకున్న థిన్నర్ దాన్ని పొడుచుకుని బయటికి వచ్చి సూదిబెజ్జాలు మిగుల్చుతుంది. స్ప్రే గన్నును 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, ప్యానెల్‌కు సమాంతరంగా నడుపుతూ, ప్రతి వరుసా ముందు వరుసను సగం కప్పేలా, ట్రిగ్గరును ప్యానెల్ అంచు దాటాకే వదులుతూ పలచని కోట్లు వేయాలి. కోటుకూ కోటుకూ మధ్య 10-15 నిమిషాలు, లేదా డబ్బా మీద చెప్పినంత సేపు ఆగాలి.

ఇంతవరకు చెప్పినవన్నీ రంగు చెడగొట్టే తప్పులు. రంగు చెడితే మళ్లీ వేసుకోవచ్చు. తలుపులు మూసి, సందులు కుక్కి, తడి గుడ్డ కట్టుకుని టూ-కె క్లియర్ కొట్టమన్న సలహా మనిషినే చెడగొడుతుంది. నాకు కోపం తెప్పించినది ఇదే.

టూ-కె హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. వృత్తి వల్ల వచ్చే ఆస్తమాకు ఉన్న ప్రధాన కారణాలలో ఇవి ఒకటి, అందులోనూ బండ్లకు రంగు కొట్టేవారు ఎక్కువగా దెబ్బతింటారు. స్ప్రే చేసినప్పుడు ఇవి కంటికి కనిపించనంత సన్నని తుంపరగా గాలిలో నిలుస్తాయి, గన్ను ఆపాక కూడా కొంతసేపు అక్కడే ఉంటాయి. వాసనను బట్టి జాగ్రత్త పడదామంటే కుదరదు, ఎందుకంటే హాని చేసే మోతాదులో కూడా వీటి వాసన ముక్కుకు తెలియకపోవచ్చు. ఛాతీ బిగపట్టడం, దగ్గు, ఆయాసం కొన్నిసార్లు పని ముగిసిన గంటల తరువాత, రాత్రి పడుకున్నాక మొదలవుతాయి కాబట్టి వాటిని పొద్దుటి రంగుతో ముడిపెట్టాలన్న ఆలోచన కూడా రాదు. ఒకసారి శరీరం వీటికి సున్నితమైపోయిందంటే ఆ తరువాత అతి కొద్ది మోతాదు కూడా తీవ్రమైన ఆయాసం తెప్పించగలదు. చర్మం ద్వారా తగిలినా ఈ సున్నితత్వం రావచ్చు. కాబట్టి చేతి తొడుగులు, కళ్లద్దాలు, ఒళ్లంతా కప్పే దుస్తులు లేకుండా దీని జోలికి పోకూడదు.

దీని ముందు తడి గుడ్డ ఏం ఆపుతుంది? దుమ్ము కోసం చేసిన ఎన్-95 మాస్కుకే థిన్నర్ ఆవిరిని ఆపే శక్తి లేదు. ఆవిరిని పీల్చుకునే కార్ట్రిడ్జ్ మాస్కు ముఖానికి బిగుతుగా అతకాలి, గడ్డం ఉంటే అతకదు. ఐసోసైనేట్లు కొట్టే వృత్తి పనివారికి బయటి నుంచి గొట్టం ద్వారా మంచి గాలి అందించే మాస్కు వాడాలని భద్రతా నిపుణులు చెబుతారు. వారికే అంత రక్షణ అవసరమైన పనిని, తొలిసారి గన్ను పట్టుకునేవారి చేత, మూసిన గదిలో, ముక్కుకు జేబురుమాలుతో చేయించాలని ఎవరికి ఎలా తోచింది? గోడ అవతల పిల్లలు నిద్రపోతున్న ఇళ్లకు కూడా ఈ సందేశం వెళుతుందని పంపేముందు ఒక్కసారైనా ఆలోచించారా?

మూసిన తలుపుల వెనుక నిప్పు ప్రమాదం కూడా ఉంది. థిన్నర్ ఆవిరి గాలి కంటే బరువైనది, నేల వెంబడి పాకి మూలల్లో పోగవుతుంది. అక్కడ గ్యాస్ గీజరు మంట ఉన్నా, ఫ్రిజ్ మోటారు ఆన్ అయినా, ఎవరైనా లైటు స్విచ్ వేసినా ఆ చిన్న నిప్పురవ్వే చాలు. ఆవిరిని బయటికి తోలుదామని మామూలు టేబుల్ ఫ్యాను పెట్టడమూ అదే ప్రమాదం, దాని మోటారులోనూ నిప్పురవ్వలు పుట్టవచ్చు. నేల తడపడం మంచి అలవాటే. దానివల్ల దుమ్ము లేవదు. ఆవిరిని మాత్రం ఆ నీళ్లు ఏమీ చేయవు.

ఇంట్లో రంగు వేయడమే తప్పని నేను అనడం లేదు. ఓపికగా రుద్ది, ఓపికగా ఆగేవారు ఒక బంపరునో డోరునో తొందరపడే షాపుకంటే బాగా చేయగలరు, అలాంటి పనితనం నేను చూశాను. సందేశం రాసినవారికి ఉన్న ఆ నమ్మకాన్ని నేనూ గౌరవిస్తాను. మొదటి ప్రయత్నం తుక్కులో దొరికిన పాత డోరు మీద, ఆరుబయట, గాలి ఆడే చోట, ఆవిరి కార్ట్రిడ్జ్ మాస్కు పెట్టుకుని, ఐసోసైనేట్ లేదని డబ్బా మీద స్పష్టంగా రాసిన, హార్డెనర్ కలపనక్కర్లేని వన్-కె క్లియర్‌తో చేయండి. దానికి టూ-కె మెరుపు రాదు, పెట్రోలు పడితే మచ్చ పడవచ్చు. ఆ మెరుపే కావాలనుకుంటే బేస్ కోటు వరకు పని నేర్చుకుని, క్లియర్ కోటును స్ప్రే బూత్ (గాలిని వడకట్టి బయటికి పంపే రంగు గది) ఉన్నవారికి అప్పగించండి. బేస్ ఆరాక ఎన్ని గంటల లోపు క్లియర్ పడాలో డబ్బా మీద ఉంటుంది కాబట్టి, రంగు కలపడానికి ముందే బూత్ సమయం మాట్లాడుకోండి.