మహారాజశ్రీ మోడల్ వెర్బుల వారి సముఖానికి

మహారాజశ్రీ కెన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్ గార్లకు,

బెంగళూరు మారతహళ్లి బ్రిడ్జి పక్క సందులో సాయంత్రం బ్యాచ్‌లకు ఇంగ్లీషు చెప్పుకునే మనిషి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమెవరం క్షేమంగా లేము. మీరు మాత్రం క్షేమంగానే ఉండి ఉంటారు. మీకేం, అసలు క్రియకు ముందు నిలబడే సహాయక క్రియలు, తొమ్మిదిమందిలో ఒక్కరూ ఒళ్లు వంచరు. హీ వచ్చినా షీ వచ్చినా చివర ఎస్ తగిలించుకోరు, ముందు టూ పెట్టనివ్వరు, ఐఎన్‌జీని గుమ్మం కూడా తొక్కనివ్వరు. చాకిరీ అంతా వెనకాల నిలబడ్డ క్రియది, పెత్తనం మీది.

మా బ్యాచ్‌లో అందరూ అనంతపురం, కడప, చిత్తూరు వైపు పిల్లలు. పిల్లలంటే ఉద్యోగాలు చేసుకుంటున్న ఇంజనీర్లే. మామూలు ఇంగ్లీషు బాగానే వచ్చు. ఫీజు కట్టి అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌లో చేరింది మీ బాధ పడలేకే.

మస్ట్ గారూ, ముందు మీ సంగతి. నిన్న ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చిందని చెప్పాలంటే మీరు పనికిరారు, హ్యాడ్ టు కావాలి. మస్ట్ హావ్ గాన్ అంటే వెళ్లే ఉంటాడన్న ఊహే తప్ప, వెళ్లక తప్పలేదన్న ఏడుపు అందులో లేదు. ఎందుకిట్లా అని పిల్లలు అడిగితే ఉన్నమాట చెప్పేశాను. పాతకాలపు ఇంగ్లీషులో మోట్ అని ఒక క్రియ ఉండేది. మీరు దాని భూతకాలం. అది పోయింది, మీరొచ్చి వర్తమానంలో కూర్చున్నారు. రిటైరయ్యాక ఎక్స్‌టెన్షన్ మీద ఎక్స్‌టెన్షన్ తెచ్చుకునే ఆఫీసరు లాగా. అలాంటివారికి మళ్లీ భూతకాలం ఎక్కణ్నుంచి తేవాలి? మీకు నాట్ తగిలిస్తే ఇంకో పేచీ. మస్ట్ నాట్ అంటే చెయ్యకూడదు. చెయ్యక్కర్లేదు అనాలంటే డోంట్ హావ్ టు. వాడు ఇంట్లో ఉండే ప్రసక్తే లేదు అనాలంటే కాంట్ గారి కాళ్లు పట్టుకోవాలి.

కుడ్ గారి న్యాయం మరీ గొప్పది. ఇంటర్వ్యూ పోతే ఐ కుడ్‌నాట్ క్లియర్ ఇట్ అని నిక్షేపంలా చెప్పుకోవచ్చు. పాసయితే మాత్రం ఐ కుడ్ క్లియర్ ఇట్ అంటే కుదరదు, వాజ్ ఏబుల్ టు అనాలి. ఓడినవాడికున్న సౌకర్యం గెలిచినవాడికి లేదు. సరే, నాలుగు ఉదాహరణలు రాసి దాన్ని దాటేశాం.

దాటలేకపోయింది మైట్ గారిని. పుస్తకాల్లో మీ అందరికీ మార్కులు వేసి ఒక పట్టిక ఉంటుంది. మస్ట్ అంటే దాదాపు ఖాయం, మే అంటే అటూ ఇటూ, మైట్ అంటే అంతకంటే నీరసం. ఆ పట్టికను ఎక్కడో బట్టీ పట్టి వచ్చిన ధర్మవరం అబ్బాయికి లండన్ మేనేజర్ నుంచి మెసేజ్ వచ్చింది: "యూ మైట్ వాంట్ టు లుక్ ఎట్ దిస్ బిఫోర్ ఫ్రైడే." వీడు చూడలేదు. ఏరా అంటే, "నాకు వాంట్ లేదు మేడమ్" అన్నాడు.

శుక్రవారం దాటింది. సోమవారం పొద్దున్నే పైమేనేజర్ని కూడా కాపీలో పెట్టి మెయిల్: "ఐ వుడ్ హావ్ థాట్ దిస్ వుడ్ బి డన్ బై నౌ." రెండు వుడ్‌లు చూసి మావాడు అది రెట్టింపు మర్యాద అనుకున్నాడు. జవాబుగా "యూ మస్ట్ టెల్ క్లియర్లీ" అని రాసి పంపబోతుంటే పక్క సీటు అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపిందట.

"అదేంది మేడమ్, చెయ్యమని చెప్పేదానికి నోరు రాదా వాళ్లకు?"

రాక కాదు నాయనా, అవసరం లేక. నోరు తెరిచి అడగాల్సింది కిందివాడు. పైవాడు "నీకు చూడాలనిపిస్తుందేమో" అంటే చాలు, నీకు చూడాలనిపించి తీరాలి. అదే వాక్యం నువ్వు ఆయనకు పంపు, మైట్ గారు మళ్లీ నీరసపడిపోతారు, చూస్తే చూస్తాడు లేకపోతే లేదు. పట్టికలో ఎవరు ఎవరితో అంటున్నారన్న గడి లేదు. మండలాఫీసులో సారు "చూద్దాంలే" అంటే ఆ పని కాదని ఊళ్లో మీకెవరైనా పట్టిక గీసి నేర్పారా?

అందరూ కోడ్ రాసేవాళ్లు గనుక ఓ రోజు గ్రామర్ పుస్తకం మూసి ఆర్‌ఎఫ్‌సీ 2119 తెరిచాం. ఇంటర్నెట్ ప్రమాణాల్లో మీకు ఏ అర్థం చెప్పుకోవాలో 1997 మార్చిలో స్కాట్ బ్రాడ్నర్ రాసిన పత్రం అది. మస్ట్ అంటే తప్పనిసరి. షుడ్ అంటే తగిన కారణం ఉంటే మానొచ్చు, కానీ మానితే ఏమవుతుందో పూర్తిగా తెలుసుకుని మానాలి. మే అంటే నీ ఇష్టం. పిల్లలు ప్రాణం లేచొచ్చినట్టు రాసుకున్నారు. ఈ అర్థాలు పెద్ద అక్షరాల్లో రాసినప్పుడే వర్తిస్తాయని 2017లో మళ్లీ వివరణ కూడా ఇచ్చారు. రౌటర్లు అపార్థం చేసుకోకూడదని ఎంత జాగ్రత్తో! ఇక్కడి ఒక పీజీ గోడమీద పెద్ద అక్షరాల్లోనే "రెంట్ షుడ్ బి పెయిడ్ బిఫోర్ ఫిఫ్త్" అని ఉంది. తగిన కారణం చూపించబోయిన కుర్రాడి సామాను వరండాలో కనిపించింది.

షల్ గారూ, మీరంటే శాసనమని లా చదివినవాళ్లు భయపెడతారు. రాజ్యాంగంలో మొదట రాసిన 45వ అధికరణంలో మీరే కదా ఉన్నది. 14 ఏళ్లు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రభుత్వం "షల్ ఎండీవర్", అదీ రాజ్యాంగం అమల్లోకి వచ్చిన 10 ఏళ్లలోపు. పక్కన ఎండీవర్ చేరింది, పైగా ఇలాంటి ఆదేశిక సూత్రాలేవీ కోర్టుకెళ్లి అడిగేవి కావని 37వ అధికరణం ముందే చెప్పేసింది. 1960 వచ్చింది, పోయింది. ఎండీవర్ లేకుండా 21ఏ అధికరణంలో "షల్ ప్రొవైడ్" అని రాయడానికి 2002 దాకా పట్టింది. అది అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. ఆ తేదీ నేను పెట్టింది కాదు.

మొన్న అప్రైజల్ లెటర్లు వచ్చాయి. మదనపల్లె అమ్మాయి తనది క్లాసులో పైకి చదివింది: "యూ మే బి కన్సిడర్డ్ ఫర్ ప్రమోషన్ ఇన్ ద నెక్స్ట్ సైకిల్."

"మే అంటే అటూ ఇటూ కదా మేడమ్. వస్తాదా, రాదా?"

నేను నోరు తెరిచేలోపే వెనక కుర్చీలోంచి ధర్మవరం అబ్బాయి అందుకున్నాడు.

"రాదు. యూ మైట్ వాంట్ టు అప్‌డేట్ యువర్ రెజ్యూమే."

ఆ అమ్మాయి వెంటనే లాప్‌టాప్ తెరిచింది.

ఇట్లు,
అడ్వాన్స్‌డ్ బ్యాచ్ మేడమ్,
మారతహళ్లి