కాగ్ ఎవరినీ జైల్లో పెట్టదు, నిజమే!

ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) మీద "కాగ్ దండగ, మూసెయ్యండి" అనే మెసేజీ ఈ వారంలో నాలుగోసారి వచ్చింది. పంపినవాళ్లలో ఒకాయన ట్రెజరీలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి! ఇక ఊరుకోలేక, అందులోని ఒక్కో పాయింటుకూ జవాబు రాస్తున్నాను.

'జీతమిచ్చేది ప్రభుత్వమే, స్వతంత్రత ఎక్కడిది?' అట. జడ్జీలకు ఇచ్చేదెవరు మరి? కాగ్ జీతం, ఆఫీసు ఖర్చు నేరుగా సంచిత నిధి (ప్రభుత్వ రాబడి జమయ్యే ప్రధాన ఖాతా) నుంచే పోతాయి, సభలో ఓటింగుకు రావు. పదవి నుంచి దించాలంటే సుప్రీంకోర్టు జడ్జిని దించేటంత తతంగం.

'ఇది తెల్లవాళ్ల పద్ధతి.' రైలూ వాళ్లదే. ఎక్కడం మానేశారా?

అసలు ముల్లు ఇది: 'ఇన్నేళ్లలో ఒక్క మంత్రినైనా జైలుకు పంపిందా?' పంపలేదు, పంపదు కూడా. ఆడిట్ పార్టీ వస్తుంది, వోచర్లు తిరగేస్తుంది, కొర్రీ (అభ్యంతరం) వేస్తుంది. ఆఫీసు ఇచ్చిన జవాబు అతకకపోతే అది తనిఖీ నివేదికలో పేరా అవుతుంది, పెద్దదైతే రిపోర్టుకెక్కుతుంది. రిపోర్టు రాజ్యాంగం 151వ అధికరణం ప్రకారం రాష్ట్రపతికో గవర్నరుకో వెళ్లి, అక్కణ్ణుంచి సభకు చేరుతుంది. అధికారుల్ని పిలిచి నిలదీయాల్సింది సభ సభ్యులుండే ప్రజా పద్దుల సంఘం. కేసు పోలీసులది, సీబీఐది, శిక్ష కోర్టుది. లెక్క చూసినవాడే సంకెళ్లు కూడా వెయ్యాలంటారా? రేపు మీ బిల్లు మీద కొర్రీ పడ్డప్పుడు మళ్లీ అడుగుతాను.

2జీ (మొబైల్ కంపెనీలకు లైసెన్సులు, స్పెక్ట్రమ్ పంచిన వ్యవహారం) సంగతి అయితే మరీ ఘోరం. 'కాగ్ చెప్పిన 1.76 లక్షల కోట్ల నష్టం కట్టుకథ, 2017లో అందరూ నిర్దోషులేగా' అని రాశారు. 2012 ఫిబ్రవరి 2న అవే కేటాయింపుల్లో 122 లైసెన్సుల్ని సుప్రీంకోర్టు రద్దు చేసిన ముక్క మాత్రం పాపం, టైపింగులో జారిపోయినట్టుంది. మనుషుల మీద నేరం రుజువు కాకపోవడం వేరు, పంచిన పద్ధతి తప్పవడం వేరు. పైగా 2010 నాటి ఆ రిపోర్టులో ఉన్నది ఒక్క అంకె కాదు, రకరకాల లెక్కల్లో రకరకాల అంచనాలు. అన్నిటికన్నా పెద్దది పేపర్ల హెడ్డింగుకెక్కింది, మిగతావి లోపలి పేజీల్లో ఉండిపోయాయి.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. 'ప్రభుత్వం తనకు నచ్చినవాణ్ణే కాగ్‌గా పెట్టుకుంటుంది' అన్న ఆఖరి పాయింటుకు నా దగ్గర జవాబు లేదు. సీవీసీ (అవినీతిపై నిఘా పెట్టే సెంట్రల్ విజిలెన్స్ కమిషనర్) ఎంపిక కమిటీలో లోక్‌సభ ప్రతిపక్ష నేత ఉండాలని 2003 చట్టమే చెప్పింది. కాగ్ ఎంపికకు చట్టంలో అసలు కమిటీయే లేదు. రిపోర్టు ఎన్నాళ్లలో సభ ముందు పెట్టాలో 151లో గడువూ లేదు.

మిగతా చెత్తంతా చెరిపేసి ఆ ఒక్క పాయింటు పంపండి, నేనూ పదిమందికి పంపుతాను.