సత్యవ్రతుడికి తెలియని కిటుకు

మత్స్యావతార కథలో సత్యవ్రత మహారాజు అనవసరంగా చాలా కష్టపడ్డాడు. పెద్ద చేపలు మింగేస్తాయని మొరపెట్టుకున్న చేపపిల్లను కమండలంలో వేసుకుని తెచ్చాడు. తెల్లారేసరికి కమండలం చాల్లేదు. ఇంకా పెద్ద పాత్రలో వేశాడు, చెరువులో వేశాడు, చివరికి సముద్రం దాకా మోశాడు. తిరుపతి వచ్చి ఏదైనా అక్వేరియం షాపులో అడిగి ఉంటే, "ట్యాంక్ ఎంతుంటే చేప అంతే పెరుగుతుంది సార్, టెన్షన్ పడొద్దు" అని అక్కడి కుర్రాడు ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. అవతారం కమండలంలోనే ముగిసేది. నాగలాపురంలో మత్స్యరూపంలో ఉన్న వేదనారాయణస్వామికి అంత పెద్ద గుడి అవసరమే ఉండేది కాదు.

మా వీధిలో ఒక పెద్దమనిషి ఈ కిటుకు తెలుసుకున్నారు. అద్దె ఇల్లు, రెండో అంతస్తు, హాల్లో నాలుగడుగుల ట్యాంకు. అందులో ఒక సిల్వర్ అరోవానా, రెండు ఆస్కార్లు, ఒక రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్, మొసలి మూతి పెట్టుకు పుట్టిన ఎలిగేటర్ గార్ ఒకటి. అన్నీ వేలెడంత పిల్లలే. "చిన్నప్పటి నుంచీ కలిసి పెరిగితే అన్నదమ్ముల్లా ఉంటాయండీ" అన్నది ఆయన సిద్ధాంతం. మామిడితోటల పంపకాలు చూసిన చిత్తూరువాడెవడూ ఈ మాట ఇంత ధైర్యంగా అనలేడు. ఆ మాటకొస్తే 2022 ఏప్రిల్‌లో జిల్లాకే పంపకాలు తప్పలేదు.

పుస్తకాల్లో కొన్ని లెక్కలుంటాయి. ఆస్కార్ అడుగు దాటుతుందట. అరోవానా మూడడుగులట. రెడ్‌టెయిల్ నాలుగడుగులకు కూడా వెళ్తుందట, గార్ ఆరడుగులు దాటుతుందట. ఇవన్నీ అమెజాన్‌కో, అమెరికా నదులకో వర్తించే లెక్కలు గానీ అద్దె ఇళ్లకు వర్తించవని ఆయన కొట్టిపారేశారు. ట్యాంకు వెడల్పు అడుగున్నర. ఇప్పుడు క్యాట్‌ఫిష్ వెనక్కి తిరగాలంటే బస్టాండులో బస్సులాగా నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ అనాలి.

ఒక ఉదయం చిన్న ఆస్కార్ కనబడలేదు. మూత సందులోంచి దూకిందేమోనని దివాన్ కింద, బీరువా వెనక వెతికారు. అనుమానం అరోవానా మీదికీ పోయింది. నీటి పైకి ఎగిరి కొమ్మల మీది పురుగుల్ని పట్టే జాతి కదా, దూకుడు దానికి వంశపారంపర్యం. విచారణ జరిగినంతసేపూ క్యాట్‌ఫిష్ మాత్రం అడుగున కదలకుండా, పొట్ట ఉబ్బించుకుని, మీసాలు చాచి పడుకుంది. రెండు రోజులు మేత ముట్టలేదు. తమ్ముడు పోయిన దిగులని ఇంట్లో అందరూ జాలిపడ్డారు. నోట్లో పట్టేదేదైనా భోజనమేనన్న దాని చిన్న నియమం ఎవరికీ తట్టలేదు.

శుభ్రత విషయంలో ఆయనకు వంక పెట్టలేం. మాంసం తినే చేపలు నీళ్లలోకి అమ్మోనియా ధారాళంగా వదులుతాయి. ఫిల్టర్ స్పాంజిలో కాపురం పెట్టిన బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ కాపురం కుదురుకోవడానికి వారాలు పడుతుంది. మనవారు ప్రతి ఆదివారం ఆ స్పాంజిని క్లోరిన్ కలిసిన కుళాయి కింద తళతళలాడేలా పిండి, అన్ని కోట్ల ప్రాణులకూ సామూహిక ఉత్తరక్రియలు జరిపించి, సోమవారం నీళ్లెందుకు తెల్లబడ్డాయో కనుక్కోవడానికి షాపుకు వెళ్తారు. అక్కడ ఒక సీసా మందు ఇస్తారు. నీలం రంగులో బాగుంటుంది.

ఆయన పొరపాటున చేసిన మంచి పని ఒకటుంది. వాళ్లది శనివారం నీచు ముట్టని ఇల్లు. అత్తగారు ఆ రోజు ఫ్రిజ్‌లోంచి రొయ్యలు తీయనివ్వరు. వారానికో రోజు పస్తుంటే ఇలాంటి చేపలకు ఒంటికి మంచిదే. ఆ ట్యాంకులో శాస్త్రీయంగా జరుగుతున్నది వెంకన్న వ్రతం ఒక్కటే.

ఈ మధ్య ఆరడుగుల ట్యాంకు పెడదామని ఇల్లు కొలిచారు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. నీళ్లే దాదాపు 680 కిలోలు, గాజు బరువు వేరే. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు విని, "ఏమప్పా, చేపలు నీ ఇంట్లో ఉండాల్నా, నా ఇంట్లో ఉండాల్నా?" అన్నాడు.

పోనీ వదిలేద్దామంటే స్వర్ణముఖిలో ముందు నీళ్లుండాలి. చెరువులో వదిలితే అక్కడి జెల్లలూ కొర్రమీనులూ ఏమైపోతాయో ఎవరూ అడగరు గానీ, దొరికిన రోజున పేపర్లో ఫొటో వస్తుంది. 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులో ఎలిగేటర్ గార్ దొరికితే దేశమంతా చూసింది. అది అమెరికా నుంచి ఈదుకుంటూ వచ్చి ఉండదు. జూపార్కుకు ఇచ్చేద్దామన్న ఆలోచనా వచ్చింది. పులినీ సింహాన్నీ విడివిడిగా పెట్టే పిరికివాళ్లకు మన చేపల్ని అప్పగించడమా అని ఆయనే మానుకున్నారు.

చివరికి క్యాట్‌ఫిష్‌ను వెనక్కి తీసుకుంటారా అని షాపులో అడిగారు. అంత పెద్దది ఎవరు కొంటారు సార్ అన్నాడు కుర్రాడు. తర్వాత కాసేపు ఆలోచించి, ఆస్కార్ పోయాక దానికి డల్‌గా ఉంటుందని, తోడుగా బెత్తెడు పీకాక్ బాస్ పిల్లను కవర్లో కట్టి చేతికిచ్చాడు.